‘సశేషం’ ముందు వాక్యం



ప్రేమనవలలు రాసే ఆడవాళ్లు ఎక్కడ కనిపించినా జనం మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. “ఇవన్నీ మీ సొంత అనుభవాలేనా అండీ?” డిటెక్టివ్ యుగంధర్‌ని సృష్టించిన కొమ్మూరి సాంబశివరావుగారిని “ఎంతమందిని పట్టుకున్నారు సార్” అని ఎవరైనా అడిగి ఉంటారని నేననుకోను. మమ్మల్ని మాత్రం అడుగుతారు. అడిగి, పక్కన కూర్చున్న మావారి వంక ఓసారి చూస్తారు. నవలలో హీరో ఆరడుగులు, ఈయన చూస్తే మామూలు మనిషి. పాపం మావారు ఆ చూపుకి అలవాటు పడిపోయారు.

నేను రాసిన సీరియల్స్ కొద్దే. వాటి గురించి చెప్పుకోడానికి రాలేదు. ఆ ఆరడుగుల హీరోని తెలుగిళ్లలోకి తెచ్చిన యద్దనపూడి సులోచనారాణిగారి గురించి, అసలు ప్రేమనవల ఎలా తయారవుతుందన్న దాని గురించి, ఆ పని చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

సులోచనారాణిగారు 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టారు. పల్లెటూళ్లో పెరిగి, పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చారు. ‘చిత్రనళినీయం’ అనే కథ ఆంధ్రపత్రికలో రావడంతో ఆమె రచన మొదలైంది. అసలు పేరు తెచ్చింది మాత్రం ‘సెక్రటరీ’. 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆ తర్వాత పుస్తకంగా ఎన్ని ముద్రణలు పడిందో! ‘నవలారాణి’ అని పాఠకులే బిరుదిచ్చేశారు.

అది సీరియల్‌గా వచ్చింది అన్న సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పుస్తకం చేతికొచ్చి చదివే ఈ కాలం పాఠకులు ఇది మర్చిపోతారు. మాసపత్రికలో సీరియల్ అంటే నెలకో వాయిదా. ఈ నెల పది పేజీలు చదివి, ముప్పై రోజులు ఆగాలి. ఈ ముప్పై రోజుల్లో పిల్లల పరీక్షలు, చుట్టాల పెళ్లిళ్లు, కిరాణా కొట్టు బాకీలు, అన్నీ ఉంటాయి. ఇన్నిటి మధ్యా ఆ అమ్మాయి ఏమైందో పాఠకురాలికి గుర్తుండాలి. పక్కింటావిడతో గోడ మీంచి మాట్లాడుకోవాలి. “అతను నిజంగానే అలా అనుకున్నాడంటారా?” “అబ్బే, ఏదో అపార్థం జరిగుంటుంది లెండి.” ఆ గోడమీది సంభాషణ జరగకపోతే పై నెల పత్రిక అమ్ముడుపోదు. ఆ సంగతి సంపాదకుడికి తెలుసు, రచయిత్రికి ఇంకా బాగా తెలుసు.

అందుకని ప్రేమనవల రాయడమంటే నా దృష్టిలో ఇద్దర్ని కలపడం తెలియడం కన్నా, కలవనివ్వకుండా ఉంచడం తెలియడం. అదీ పాఠకురాలికి విసుగు పుట్టకుండా, మోసపోయాననిపించకుండా. ఎలా చేస్తారో ఒక ఘట్టం పట్టుకుని చూద్దాం. ఇది ఎవరి నవలలోదీ కాదు, ఇప్పుడు మీకోసం నేను అల్లుతున్నదే.

ఆఫీసు వదిలేవేళకి వాన మొదలైంది. అమ్మాయి బస్‌స్టాపులో నిలబడింది. గొడుగు లేదు. అతని కారు వచ్చి ఆగింది. అద్దం దించి, “ఎక్కండి, మీ ఇంటి దగ్గర దింపేస్తాను” అన్నాడు. ఇక్కడిదాకా ఎవరైనా రాస్తారు. ఎక్కించామా, దారిలో మాటలు కలుస్తాయి, రెండు వాయిదాల కథ ఒక్క పేజీలో కరిగిపోతుంది. ఎక్కించలేదూ, ఎందుకు ఎక్కలేదో చెప్పాలి. “పరాయి మగవాడి కారు ఎలా ఎక్కను” అనిపిస్తే, అది మా అమ్మమ్మల కాలం నాయిక. 1965లో ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయికి ఆ కారణం నప్పదు. అందుకని కాస్త వెనక్కి వెళ్లాలి. ఆ రోజు పొద్దున టైపు చేసిన ఉత్తరంలో ఒక తప్పుకి అతను నలుగురి ముందూ విసుక్కున్నాడని అంతకుముందే నాలుగు వాక్యాలు రాసిపెట్టుకోవాలి. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ సంగతి తను చెప్పలేదు. ఇప్పుడు కారెక్కితే ఆ మాట పడ్డట్టే. “అక్కర్లేదండీ, బస్సు వచ్చేస్తుంది” అంది. వచ్చింది. తడిసిన చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని ఎక్కింది. టికెట్ కొనగా మిగిలిన చిల్లర గుప్పిట్లో లెక్క చూసుకుంది. నెలాఖరు మరి.

ఇంతటితో ఆపితే అది ఆత్మాభిమానం గల అమ్మాయి కథ. ప్రేమకథ అవడానికి ఇంకో వాక్యం కావాలి. అతని కారు ఆ బస్సు వెనకాలే మెల్లిగా, వాళ్ల వీధి మలుపు దాకా వచ్చి, అమ్మాయి ఇంట్లోకి వెళ్లాక వెనక్కి తిరిగింది. ఆమె చూడలేదు. పాఠకురాలు చూసింది. సశేషం.

కిటుకంతా ఇక్కడే ఉంది. నాయికకి తెలియనిది పాఠకురాలికి తెలియాలి. తెలిశాక ఆవిడ ఊరుకోదు. నెల రోజులూ లోపల్లోపల “పిచ్చిదానా, వెనక్కి తిరిగి చూడవే” అంటూనే ఉంటుంది. సులోచనారాణిగారి నవలల్లో ఈ పని ఎంత శుభ్రంగా జరుగుతుందో గమనించండి. అపార్థం ఎప్పుడూ ఆకాశం నుంచి ఊడిపడదు. సగం విన్న మాట, ఆలస్యంగా అందిన కబురు, మూడో మనిషి మోసుకొచ్చిన చాడీ, వీటిలోంచి పుడుతుంది. మన ఇళ్లలో తగాదాలు పుట్టేది కూడా వీటిలోంచే కాబట్టి ఎవరికీ అది కల్పనగా తోచదు.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో సదుపాయం ఉంది. ఆరు నెలల పాటు “మీరు” అంటూ వచ్చినవాడు కోపంలోనో కంగారులోనో ఒక్కసారి “నువ్వు” అనేస్తాడు. అని, నాలుక కరుచుకుంటాడు. ముద్దూ ముచ్చటా ఏమీ రాయక్కర్లేదు, ఆ వాయిదాకి అది చాలు. అయితే నాకెప్పుడూ ఒక కోపం ఉండేది. హీరో దిగినంత సులువుగా హీరోయిన్ ‘మీరు’ నుంచి దిగదు. పెళ్లయి, పిల్లలు పుట్టినా ‘మీరు’ అనే అంటుంది. నేను ఒక సీరియల్లో దింపాను. పాఠకులు ఉత్తరాలు రాసి మరీ నన్ను తిట్టారు, మర్యాద తెలియని పిల్లని హీరోయిన్‌ని చేశానని.

ఇక ఆ హీరో సంగతి. ఆరడుగుల ఎత్తు, విదేశీ కారు, పెద్ద మేడ, పైకి కాఠిన్యం, లోపల వెన్న. దీని మీద పడ్డన్ని జోకులు తెలుగులో ఇంకే పాత్ర మీదా పడి ఉండవు. నవ్వుకుందాం, తప్పులేదు. కానీ అంతకుముందు తెలుగు పాఠకురాలు ప్రేమించిన నాయకుడెవరో గుర్తు తెచ్చుకోండి. శరత్ బాబు దేవదాసు. చక్రపాణిగారు బెంగాలీ నుంచి తేటతెలుగులోకి దించితే శరత్ మన రచయితే అయిపోయాడు. 1953లో దేవదాసు సినిమాగా వచ్చింది, ఆంధ్రదేశం మొత్తం ఏడ్చింది. దేవదాసుకి పార్వతి మీద ఉన్నది నిజమైన ప్రేమే. కానీ తండ్రికి ఎదురు చెప్పి చెయ్యి పట్టుకోవలసిన వేళకి ధైర్యం చాలలేదు. ఆ తర్వాత తాగి ఏం లాభం? ఒక తరం ఆడపిల్లలు ఆ కథ చదివి కళ్లు తుడుచుకుని, మళ్లీ తండ్రి చూపించిన సంబంధమే చేసుకున్నారు. వాళ్లకి నిర్ణయం తీసుకోగల మగవాడు కావాల్సి వచ్చాడు. ఇంట్లోవాళ్లు ఏమంటారోనని నసగకుండా, “ఈ అమ్మాయిని నేను చేసుకుంటాను” అని నలుగురి మధ్యా చెప్పగలవాడు. ‘సెక్రటరీ’ హీరో, సులోచనారాణిగారి రాజశేఖరం అలా వచ్చాడు. కారూ మేడా ఆ ధైర్యానికి తొడిగిన బట్టలని నా లెక్క. సొంత డబ్బుంటే తప్ప మన దేశంలో మగపిల్లాడు కూడా అంతమాట అనలేడని ఆవిడకి తెలుసు.

విమర్శకులు ఊరుకోలేదు. కాలక్షేపం సాహిత్యం అన్నారు, పలాయనం అన్నారు. ఆడపిల్లలు కారున్న మొగుడి కోసం కలలు కంటూ చెడిపోతున్నారన్నారు. అందులో కొంత నిజం నేను ఒప్పుకుంటాను. ఈ నవలల్లో బీదతనం సమస్య, ధనవంతుడితో పెళ్లి దానికి పరిష్కారం. కులం మాటే రాదు. అందరూ ఒకే కులంలో పుట్టినట్టు, అసలు కులమే లేనట్టు కథ నడిచిపోతుంది. పనిమనిషి ఉంటుంది గానీ ఆవిడకో కథ ఉండదు. ఇవన్నీ లోట్లే.

కానీ విమర్శకులు చూడనిది ఒకటి ఉంది. జీతం. ‘సెక్రటరీ’లో జయంతి ఉద్యోగం చేస్తుంది. ఆ రోజుల్లో ఎస్సెల్సీ పాసయిన ఆడపిల్లలు టైపు ఇన్‌స్టిట్యూట్ల ముందు వరసకట్టారు. లోయరు, హయ్యరు, వీలైతే షార్ట్‌హ్యాండు. టెలిఫోన్ ఆపరేటర్లు, టైపిస్టులు, టీచరమ్మలు. మొదటిసారి ఇంట్లో ఆడపిల్ల జీతం మీద తమ్ముడి ఫీజు కట్టడం, తండ్రి మందులు కొనడం మొదలైంది. ఆ పిల్లకి వచ్చిన చిక్కులు అంతకుముందు ఏ అత్తకీ, ఏ అమ్మకీ రాలేదు. పై అధికారి మగవాడు. అతనితో ఎంతవరకు మాట్లాడాలి? అతను మంచివాడైతే ఒక చిక్కు, కాకపోతే ఇంకో చిక్కు. జీతం ఇచ్చేవాడికి నేను లొంగినదాన్నా, పని చేసి తీసుకుంటున్నదాన్నా? జయంతి రాజశేఖరంతో పడే పేచీలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. సిద్ధాంత గ్రంథాలు రాసేవాళ్లు ఈ ప్రశ్న దగ్గరికి చాలా కాలం తర్వాత వచ్చారు. సంతకం పెట్టి జీతం తీసుకునే పిల్లలకి అది అప్పటికే పత్రికలో దొరికింది, నెలకో పది పేజీల చొప్పున.

ఇక రాసే మనిషి సంగతికి వద్దాం. ఇంగ్లండులో బార్బరా కార్ట్‌లాండ్ అని ఒకావిడ ఉండేది. ఏడు వందల పైచిలుకు పుస్తకాలు. మధ్యాహ్నం భోజనం అయ్యాక సోఫాలో పడుకుని, పక్కన కుక్కపిల్లని పెట్టుకుని, కళ్లు మూసుకుని నవల చెప్పుకుపోయేది; సెక్రటరీ షార్ట్‌హ్యాండులో రాసుకునేది. ఇంకొకావిడ జార్జెట్ హేయర్. ఆవిడది వేరే దారి. రెండు వందల ఏళ్ల నాటి బట్టలు, బండ్లు, ధరలు, తిట్లు, అన్నీ నోటు పుస్తకాల్లో ఎక్కించుకుని, తేదీ తప్పు పోకుండా ప్రేమకథ రాసేది. పత్రికలవాళ్లకి ఇంటర్వ్యూలు ఇవ్వడానికి ఇష్టపడేది కాదు. తన గురించి తెలుసుకోవాలంటే పుస్తకాల్లోనే ఉన్నానని ధీమా.

మాకు సోఫాలూ లేవు, సెక్రటరీలూ లేరు. అరఠావులు. మార్జిను మడిచి, ఒకవైపే రాయాలి. రెండువైపులా రాస్తే కంపోజిటర్లకి కష్టం. మాసపత్రిక వాయిదాకి పాతికో ముప్పయ్యో అరఠావులు. కింద కార్బన్ పెట్టి నకలు తీసుకోవాలి, ఎందుకంటే పోస్టులో పోయిందా, పాత వాయిదాలో హీరోయిన్ చెల్లెలి పేరు ఏం పెట్టామో మనకే గుర్తుండదు. రాయడానికి వేళ అంటారా, పిల్లలు స్కూలుకి, మావారు ఆఫీసుకి వెళ్లాక. ఆ టైములోనే పాలవాడు, చాకలి, గ్యాసు. హీరో గుండె పగిలి మాట్లాడుతున్న ఘట్టంలో తలుపు చప్పుడు. లేచి బట్టలు లెక్క చూసి పద్దు రాసి, వచ్చి మళ్లీ ఆ గుండెని ఎక్కడ పగలగొట్టామో వెతుక్కోవాలి. నాకైతే మంచి సంభాషణలు కూరగాయలు తరుగుతున్నప్పుడే తట్టేవి. సరుకుల చీటీ వెనక రాసుకునేదాన్ని. చాలా వాయిదాల్లో పోపుగింజలూ పెసరపప్పూ ఒకవైపు, విరహం ఇంకోవైపు.

కానీ ఈ ఇబ్బందిలోనే ఒక లాభం ఉంది. ఇంట్లో కూర్చుని రాసే మనిషికి ఇల్లు కనిపిస్తుంది. అత్తగారు తాళాలు ఏ కొసకి ముడేస్తుందో, ఆడపడుచు ఏ మాట ఏ గదిలో అంటుందో, అప్పు అడగడానికి వచ్చిన బంధువు మొదట ఎవరి ఆరోగ్యం గురించి అడుగుతాడో, ఇవన్నీ బయటి నుంచి వచ్చి చూస్తే దొరకవు. సులోచనారాణిగారి బలం ఇదే అనుకుంటాను. ‘మీనా’ నవలలో పట్నంలో పెరిగిన మీనా పల్లెటూరికి వెళ్లిందంటే, ఆ ఇంట్లో పెరడూ వంటిల్లూ మనుషులూ అచ్చంగా ఉంటారు. కాజ పిల్ల హైదరాబాదు వచ్చి, రెండు చోట్లనీ రెండు కళ్లతో చూసింది. అందుకే మేడలు గొప్పగా ఉన్నా, మనుషులు మన వీధివాళ్లే.

ఆ రోజుల్లో ఆమె ఒక్కరే కాదు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. ద్వివేదుల విశాలాక్షి, మాదిరెడ్డి సులోచన, వాసిరెడ్డి సీతాదేవి, రంగనాయకమ్మ, ఎవరి దారి వాళ్లది. రంగనాయకమ్మగారి దారికీ యద్దనపూడి దారికీ పొంతనే లేదు, అయినా ఒకే ఇంట్లో ఒకే అరలో ఇద్దరూ ఉండేవారు. ఆడవాళ్ల పేరుంటే పత్రికలు ఎంత మురిపెంగా వేసుకునేవంటే, మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాసి పంపిన కాలం అది.  నాకు తలుచుకుంటే ఇప్పటికీ సంబరమే.

పుస్తకాలు కొని చదివినవాళ్లు ఎంతమందో గానీ, అద్దెకి తెచ్చుకుని చదివినవాళ్లే ఎక్కువ. రోజుకి పది పైసలు, పావలా. అద్దె షాపు పుస్తకానికి అట్ట కుట్టి, నంబరు వేసి ఉండేది. చివరి పేజీల్లో అంతకుముందు చదివినవాళ్ల వ్యాఖ్యలు పెన్సిల్‌తో: “సూపర్”, “ఏడిపించేశారు”, ఇంకెవరో దాని కింద “నాకు నచ్చలేదు”. ఇంగ్లండులో 1908లో పెట్టిన మిల్స్ అండ్ బూన్ కంపెనీ కూడా మొదట్లో రకరకాల పుస్తకాలు వేసి, 1930లలో ఇలాంటి అద్దె గ్రంథాలయాలని నమ్ముకునే ప్రేమనవలల వైపు పూర్తిగా తిరిగింది. ఆ ఊళ్లోనూ ఈ ఊళ్లోనూ ప్రేమకథని బతికించింది చేతి ఖర్చు మిగుల్చుకున్న ఆడవాళ్లే. కొందరు పత్రికలోంచి సీరియల్ కాగితాలు చింపి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టి, ఇంట్లోనే పుస్తకం చేసుకునేవారు. అందులో అప్పుడప్పుడు ఒక వాయిదా ఉండదు. ఆ నెల పత్రిక ఎవరో పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. హీరో ఎందుకు అలిగాడో తెలియకుండానే సర్దుకుని చదువుకోవాలి.

సినిమావాళ్లు కూడా ఆమె గుమ్మంలోనే నిలబడ్డారు. ‘విజేత’ 1972లో ‘విచిత్రబంధం’ అయింది. మరుసటేడు ‘జీవన తరంగాలు’, ‘మీనా’. ఆ ‘మీనా’తోనే విజయనిర్మల తెలుగులో దర్శకురాలయ్యారు. 1976లో ‘సెక్రటరీ’, నాగేశ్వరరావు రాజశేఖరం, వాణిశ్రీ జయంతి. పదికి పైగా సినిమాలకి ఆమె కథలే ఆధారం. సినిమా చూసి వచ్చిన ఆడవాళ్లు మాత్రం “నవలలోలాగా లేదు” అనేవారు. ఉండదు మరి. బస్సు వెనక మెల్లిగా వచ్చే కారుని తెర మీద అందరూ చూస్తారు. నవలలో అయితే అది నాకొక్కదానికే తెలిసిన రహస్యం.

1980ల నాటికి గాలి మారింది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’తో పాఠకులని భయపెట్టడం మొదలుపెట్టారు, వాళ్లు సంతోషంగా భయపడ్డారు. ఆ తర్వాత టీవీ. సాయంత్రం పూట సీరియల్ ఇంట్లోకే వచ్చేశాక పత్రికలు పలచబడ్డాయి, అద్దె షాపులు జెరాక్సు షాపులయ్యాయి. అయినా 2016లో ‘అ ఆ’ సినిమా వచ్చినప్పుడు, పట్నం పిల్ల పల్లెకి వెళ్లే ఆ కథ చూసి పాత పాఠకులు “ఇది మన మీనా కదూ” అన్నారు. పత్రికల్లోనూ చర్చ జరిగింది. సులోచనారాణిగారు 2018 మే నెలలో కాలిఫోర్నియాలో కూతురి దగ్గర ఉండగా కన్నుమూశారు. ఆ వారం ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో గుర్తు చేసుకున్నారు. చాలామంది పుస్తకం పేరు కన్నా ముందు అది తాము ఎక్కడ దాక్కుని చదివారో చెప్పారు. అటక మీద, క్లాసు పుస్తకంలో పెట్టుకుని, బావి గట్టున.

ఇప్పుడు ఫోన్లో చదివే సీరియల్స్ వచ్చాయి. ‘ప్రతిలిపి’ లాంటి యాప్‌లలో వందలమంది ఆడవాళ్లు రోజుకో భాగం రాస్తున్నారు. మాకు ఇన్‌లాండ్ లెటర్లు నెలకి వచ్చేవి, వీళ్లకి భాగం పెట్టిన పది నిమిషాల్లో మాటలు వచ్చి పడుతున్నాయి. చాలావరకు ఒకే మాట: “ఇంకెన్నాళ్లు ఏడిపిస్తారు, కలిపేయండి.” ఆ ఉత్తరాల్లోనూ అదే రాసేవారు. తేడా ఏమిటంటే, ఉత్తరం వచ్చేసరికి మేం తర్వాతి వాయిదా పంపేసి ఉండేవాళ్లం కాబట్టి లొంగే అవకాశం ఉండేది కాదు. ఈ పిల్లలు లొంగిపోతున్నారు. పన్నెండో భాగానికే కలిపేసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక విలన్ని తెస్తున్నారు.

మొన్న అలా రాసే అమ్మాయి ఒకతె నా దగ్గరికి వచ్చింది. సాఫ్ట్‌వేరు కంపెనీలో పని, రాత్రిపూట రచన. తన సీరియల్ చదివి అభిప్రాయం చెప్పమంది. చదివాను. భాష బావుంది, అబ్బాయి బావున్నాడు, అమ్మాయి ఎక్కడా ఆనలేదు. “నీ హీరోయిన్ జీతమెంతమ్మా?” అని అడిగాను. ఆలోచించలేదంది. “అందులో ఇంటికి ఎంత పంపుతుంది? హాస్టల్‌కి ఎంత? అప్పేమైనా ఉందా? అతను హోటల్లో బిల్లు కట్టబోతే వద్దంటుందా, ఊరుకుంటుందా?” ఒక్కదానికీ జవాబు లేదు. ఆ లెక్కలు తేల్చుకుని నాలుగో భాగం నుంచి మళ్లీ రాయమన్నాను. రాస్తోంది. మధ్యలో ఫోన్ చేసి, “మేడం, ఇప్పుడు వాళ్లిద్దరూ కలవడం లేదండీ, ఏం చెయ్యమంటారు?” అంది. అలాగే ఉంచమన్నాను.